తాళం తీసుకున్నవాడు ఎవరి మనిషి?

ఇరవై ఏళ్లకు పైగా అనంతపురం జిల్లాలో మోటారు వాహనాల నష్టాన్ని అంచనా వేసే సర్వేయరుగా పనిచేశాను. అన్నేళ్లలో నాకు కుర్చీ చూపించి కూర్చోమన్న మేనేజరు ఒక్కడే. మిగతావాళ్లందరి ముందూ నిలబడే మాట్లాడాను. వాళ్ల గదుల్లో ఖాళీగా ఉన్న కుర్చీలు కూడా నాకు ఇప్పటికీ గుర్తే. ఇది మొదటే ఎందుకు చెబుతున్నానంటే, ఈ పనిలోకి వచ్చే పిల్లలు మర్యాద కోసం రాకూడదు. నిజం రాయడానికి రావచ్చు. దానికీ బాధపడవలసి వస్తుంది గాని, ఆ బాధ పడ్డందుకు రాత్రి నిద్ర పడుతుంది.

పదోన్నతులు, ఫైళ్లు, రూల్సు గురించి నేను రాయను. సర్వేయరుకు పదోన్నతి ఉండదు. రూల్సు పుస్తకాల్లో దొరుకుతాయి. పుస్తకాల్లో దొరకనిది ఒకటుంది, అది రాస్తాను.

పేరు లేని పని

సర్వేయరు అనగానే జనం భూమి కొలిచేవాడనుకుంటారు. ఒకసారి చిలమత్తూరు దగ్గర బోల్తాపడిన వ్యానును చూడడానికి వెళితే, పక్క పొలం రైతు గొలుసు తెచ్చి చేతికిచ్చి, గట్టు తగాదా తీర్చి పొమ్మన్నాడు. నేను ఆ సర్వేయరును కాదప్పా అంటే, "మరి యా సర్వేయరువి? బండిని కొలిస్తే ఏమొస్తాది?" అని నవ్వాడు.

బండిని కొలిస్తే వచ్చేది ఇది. ప్రమాదం జరిగిన బండి యజమాని తన ఇన్సూరెన్సు కంపెనీకి కబురు చేస్తాడు. కంపెనీ మమ్మల్ని పంపుతుంది. ఏం విరిగింది, ఎలా విరిగింది, బాగుచేయడానికి ఏమవుతుంది, నడిపినవాడికి లైసెన్సు ఉందా లేదా అని చూసి రిపోర్టు రాయాలి. మేము కంపెనీ ఉద్యోగులం కాము. కేసు కేసుకూ ఫీజు ఇస్తారు, అంతే. అయినా కంపెనీవాళ్లు మమ్మల్ని తమ జీతగాళ్లనుకుంటారు. బండివాళ్లు తమ శత్రువులనుకుంటారు. ఈ రెండు అపోహల మధ్య నిటారుగా నిలబడడమే మా పని.

నేను చూసిన కేసుల్లో నన్ను ఎక్కువగా మండించినవి లారీలు గుద్దుకున్నవి కావు. ఒకరి బండి తాళం ఇంకొకరి చేతికి పోయిన కేసులు. ఇప్పుడు బెంగళూరు హోటళ్లలో దానికి వాలే పార్కింగ్ అని పేరు పెట్టారు. అప్పట్లో మా వైపు ఆ పనికి పేరే లేదు. "బండ్లు పెట్టేవాళ్లు" అనేవారు. పేరు లేని పనికి జవాబుదారీ కూడా ఉండదని యజమానులు ధీమాగా ఉండేవారు. ఇప్పుడు పేరు వచ్చింది. ధీమా మాత్రం అలాగే ఉంది.

గుంతకల్లులో నేర్చుకున్నది

తొంభైల చివర్లో గుంతకల్లులో ఒక స్కూటరు పోయింది. రైల్వే గార్డు ఒకాయన డ్యూటీకి పోతూ స్టేషను పక్కన ప్రైవేటు స్టాండులో స్కూటరు పెట్టాడు. రెండో రోజు తిరిగివచ్చి చూస్తే లేదు. స్టాండు కాంట్రాక్టరు చీటీ తిప్పి చూపించాడు. దాని వెనక "వాహనం పోయినచో మా బాధ్యత లేదు" అని అచ్చువేసి ఉంది.

"సదువుకున్నాయనవు గదన్నా, సదువు," అన్నాడు కాంట్రాక్టరు.

గార్డు చదివాడు. కళ్లజోడు తీసి మళ్లీ చదివాడు. తరువాత నావైపు చూశాడు. నేను అప్పటికి కొత్తవాణ్ణే. అచ్చులో ఉన్న మాట చట్టమే అనుకున్నాను.

అప్పుడు గుంతకల్లు కార్యాలయంలో కృష్ణమాచారిగారని ఒక పెద్దమనిషి ఉండేవారు. నాకు కుర్చీ చూపించిన మేనేజరు ఆయనే. నేను చీటీ సంగతి చెబితే దాన్ని చూడను కూడా చూడలేదు.

"తాళం ఎవరి దగ్గర ఉంది?" అన్నారు.

కనుక్కుంటే సంగతి తెలిసింది. ఆ స్టాండులో స్కూటర్లు ఇరుకుగా పెడతారు. వెనకది తీయాలంటే ముందువి జరపాలి. అందుకని పనివాడు అందరి దగ్గరా తాళాలు అడిగి తీసుకొని మేకులకు తగిలించేవాడు. గార్డు కూడా ఇచ్చిపోయాడు.

"మన తాళం మన జేబులో వేసుకొని పోతే చోటు అద్దెకు తీసుకున్నట్టు," అన్నారు కృష్ణమాచారిగారు. "తాళం వాళ్ల చేతికిస్తే బండినే అప్పగించినట్టు. చీటీ మీద ఏం అచ్చు వేసుకున్నా తాళం తీసుకున్న చెయ్యి తప్పించుకోలేదు."

"ఆ చెయ్యి పనివాడిది కదండీ?" అన్నాను.

"పనివాడి చెయ్యి యజమాని చెయ్యే. అందుకే ఆ చేత్తో బండి పాడైతే యజమాని చూసుకోవాలి, ఆ చేతికే దెబ్బ తగిలినా యజమానే చూసుకోవాలి. రెండూ ఒకే తాడుకు రెండు కొసలు. ఈ కొస నాది, ఆ కొస నాది కాదు అంటే కుదరదు."

ఆయన తరువాత బదిలీ మీద వెళ్లిపోయారు. ఆ మాట నాకు మిగిలింది. ఆ మాట వల్ల నేను ఏమేమి పోగొట్టుకున్నానో ఆయనకు తెలియదు.

వాన కురిసిన పెండ్లి

రెండు వేల సంవత్సరం దాటిన తరువాతి మాట. పెనుకొండకూ సోమందేపల్లెకూ మధ్య, హైవే పక్కన ఒక కల్యాణ మంటపం ఉండేది. ధర్మవరం పట్టు వ్యాపారులు బెంగళూరు సంబంధాలు చేసుకుంటున్న రోజులు. రెండు వైపులవాళ్లకూ సగం దారి అని ఆ మంటపానికి గిరాకీ పెరిగింది. యజమాని తిప్పేస్వామిని అందరూ సాహుకారు అనేవారు. తన మంటపం మర్యాద గురించి ఆయన చెప్పడం మొదలుపెడితే అవతలివాడు లేచి పోవలసిందే.

గేటు దగ్గర పన్నీరు చల్లేవాళ్లు, గంధం పూసేవాళ్లు, వాళ్ల పక్కన ఎర్ర తలపాగాలు చుట్టుకొని, మెడలో ఈలలు వేసుకొని నలుగురు మనుషులు. కారు ఆగగానే తాళం అడిగి తీసుకొని, బండిని మంటపం వెనక దొడ్లో పెట్టి వచ్చేవారు. తిరిగి పోయేటప్పుడు చుట్టాలు చేతిలో పెట్టిందే వాళ్ల సంపాదన. సాహుకారు భోజనం పెట్టేవాడు, జీతమని ఏమీ ఇచ్చేవాడు కాదు. కాని తలపాగా ఆయనది. ఈల ఆయనది. ఎవరు గేటు దగ్గర ఉండాలో, ఎవరు వెనక ఉండాలో చెప్పేది ఆయన. పని మధ్యలో వదిలిపోకుండా వాళ్ల డ్రైవింగు లైసెన్సులు తీసుకొని తన బల్ల సొరుగులో పెట్టుకునేదీ ఆయనే.

ఆ నలుగురిలో ఒకడు వన్నూరప్ప. దగ్గరి పల్లెవాడు. వేరుశనగ వేసిన పొలం ఏటేటా ఎండిపోతుంటే లారీ ఎక్కాడు. చాలా ఏళ్లు లారీ తోలి, నడుము చెడి, దూరాలు పోలేక ఈ మంటపంలో చేరాడు.

ఆ రోజు ధర్మవరం పట్టు వ్యాపారి కూతురి పెండ్లి. సాయంత్రం రిసెప్షను మొదలయ్యేసరికి వాన పట్టుకుంది. అలాంటి వాన చూసి అక్కడివాళ్లకు ఎన్నాళ్లయిందో. ముహూర్తం మంచిదని పురోహితుడు, కోడలు పాదం మంచిదని మగపెండ్లివాళ్లు, అందరూ వసారాలోకి వచ్చి వానను చూస్తూ నిలబడ్డారు. చిలమత్తూరు నుంచి వచ్చిన ఎరువుల వ్యాపారి ఒకాయన కొత్త కారు తాళం వన్నూరప్ప చేతికిచ్చి లోపలికి పరుగెత్తాడు.

దొడ్డి చివర ఖాళీ ఉంటే వన్నూరప్ప కారును వెనక్కి తీస్తున్నాడు. లారీ డ్రైవర్లకు ఒక అలవాటు ఉంది. వెనక్కి తీసేటప్పుడు అద్దాన్ని నమ్మరు. తలుపు తెరిచి పట్టుకొని, సగం ఒళ్లు బయటికి వంచి, వెనక నేలను కళ్లతో చూస్తూ తీస్తారు. వన్నూరప్ప కారును కూడా అలాగే తీసేవాడు. అతను చూసిన నేల గట్టిగానే కనబడింది. చక్రాలు ఎక్కగానే కుంగిపోయింది. కారు వెనక్కి వాలి గుంటలోకి జారింది. తెరిచిన తలుపులోంచి పడిపోయిన వన్నూరప్ప కుడికాలు కారుకూ గుంట అంచుకూ మధ్య నలిగింది.

లోపల మేళం వాయిస్తున్నారు. అతని అరుపు చాలాసేపు ఎవరికీ వినబడలేదట.

గుంతలో ఏముంది

మరునాడు ఆ కారు ఇన్సూరెన్సు కంపెనీ నన్ను పంపింది. కారును అప్పటికే ట్రాక్టరుతో లాగి పక్కన పెట్టారు. సర్వేయర్లు చాలామంది బండిని చూసి వెళ్లిపోతారు. మీరు అలా చేయకండి. బండి ఎక్కడ దెబ్బతిందో ఆ నేలను చూడండి. బండిని ఎవరైనా కడిగి తుడిచి పెట్టగలరు, నేలను అంత త్వరగా కడగలేరు.

గుంతలోకి వంగి చూశాను. ఎండి కుళ్లిన విస్తరాకులు, అరటి బోదెలు, కొబ్బరి చిప్పలు, ప్లాస్టిక్ గ్లాసులు పొరలు పొరలుగా ఉన్నాయి. పైన జానెడు ఎర్రమట్టి. చుట్టూ రాతికట్టు.

సాహుకారు గొడుగు పట్టించుకొని వచ్చాడు.

"ఏముండాది సార్ ఆడ, వాన గుంత. మన కర్మకు వాన రాకున్నా కష్టమే, వచ్చినా కష్టమే. రాండి, టీ తాగుదురు."

"గుంత గుండ్రంగా ఉందే," అన్నాను.

"నీళ్లు అట్ల కోసినాయేమో."

"రాతికట్టు కూడా నీళ్లే కట్టినాయా?"

సాహుకారు నవ్వాడు. "మీరు శానా తమాషాగా మాట్లాడతారు సార్."

మంటపం ఊడ్చే ముసలామె చీపురు ఆపి, అడగకుండానే చెప్పింది. "అది బాయి నాయనా. బోర్లేసినాక ఎండిపాయ. పెండ్లికొగ కుప్ప ఇస్తరాకులు ఏసి పూడిస్తిమి."

"ఏ, నీ పని నువ్వు చూసుకో," అన్నాడు సాహుకారు.

ఎండిపోయిన బావి ఉండడం తప్పు కాదు. మా జిల్లాలో ఎండిన బావి లేని ఊరు చూపించండి. దాన్ని ఎంగిలాకులతో పూడ్చి, పైన మట్టి పరిచి, చదునుగా ఉందని దాని మీద మనుషుల చేత బండ్లు పెట్టించడం తప్పు. వాన లేనన్నాళ్లూ అది నిలిచింది. కరువే ఆ మంటపాన్ని కాపాడింది.

వన్నూరప్ప సంగతి అడిగితే సాహుకారు చేతులు జోడించాడు. "మావాడే సార్, పాపం. నా మనిషిని నేను చూసుకోనా? ఆస్పత్రిలో చేర్పించినా. మీరేమీ దిగులు పడొద్దు."

"మావాడే" అన్న మాట ఆ రోజు ఆయన నోటితోనే అన్నాడు. నేను మరిచిపోలేదు. ఇంకొకటి కూడా మరిచిపోలేదు. లైసెన్సు చూడాలంటే ఆయనే తన బల్ల సొరుగు తెరిచి వన్నూరప్ప లైసెన్సు నా చేతికిచ్చాడు. పెద్ద బండ్లు తోలే లైసెన్సు, గడువు ఉన్నది. ఫొటోలు తీసుకున్నాను. టీ తాగకుండా వచ్చేశాను. అక్కడివాళ్లు దాన్ని అవమానంగా తీసుకున్నారు. తీసుకోనివ్వండి. కేసు నడుస్తుండగా ఏ పక్షం టీ అయినా తాగితే, అది రిపోర్టులో ఎక్కడో ఒకచోట ఒలుకుతుంది.

ఖాళీ కుర్చీ

నా రిపోర్టు చూసి బ్రాంచి మేనేజరు పిలిపించాడు. ఆయన ఎదురుగా రెండు కుర్చీలున్నాయి. రెండూ ఖాళీ. నేను నిలబడ్డాను.

"ఏమయ్యా, డ్రైవరుకు లైసెన్సు లేదని రాయలేదేం?"

"ఉంది సార్. చూశాను."

"ఎక్కడ చూశావు?"

"సాహుకారు సొరుగులో."

"నిన్ను సొరుగులు చూడమన్నదెవరు?" ఆయన కాగితం తిప్పాడు. "తలుపు తెరిచి నడిపాడని నువ్వే రాశావు. అది నిర్లక్ష్యం. కారు క్లెయిము ఇవ్వనక్కర్లేదని రాయి."

"నిర్లక్ష్యం ఉన్నా ఇవ్వాలి సార్. కారు యజమాని ఇష్టపూర్వకంగా తాళం ఇచ్చాడు, నడిపినవాడికి లైసెన్సు ఉంది. నిర్లక్ష్యమే లేకపోతే ప్రమాదాలు ఎక్కడివి? అసలు అతను నిర్లక్ష్యంగా కూడా లేడు. నేలను చూస్తూనే తీశాడు. నేల అబద్ధం చెప్పింది."

"ఈ బావి గోల తీసెయ్యి."

అప్పుడు అర్థమైంది. ఆ మంటపానికి ఉన్న పాలసీలన్నీ ఇదే బ్రాంచిలో ఉన్నాయి. సాహుకారు తన బంధువుల వ్యాపారాలు కూడా ఇక్కడికే తెచ్చాడు. మొదట కారుకు కంపెనీ డబ్బిచ్చి, తరువాత తప్పు ఎవరిదో వాళ్ల దగ్గర రాబట్టుకోవచ్చు. చట్టం ఆ హక్కు ఇచ్చింది. బావి సంగతి రిపోర్టులో ఉంటే సాహుకారు మీదికి పోవలసి వస్తుంది. పోవడం మేనేజరుకు ఇష్టం లేదు. పెద్ద ఖాతాదారు మీదికి పోవడం కంటే లారీ డ్రైవరు మీద రాయడం సులువు.

"రిపోర్టు మార్చుకొని రా," అన్నాడు.

"మార్చను సార్. మీరు రాసి మీరే సంతకం పెట్టండి."

ఆయన గంట కొట్టి ప్యూన్ను పిలిచి, నన్ను చూపించి, "ఈయనను బయటికి పంపు," అన్నాడు. తలుపు నాకు తెలియనట్టు.

ఆ తరువాత ఏడాదికి పైగా ఆ బ్రాంచి నాకు ఒక్క కేసు కూడా ఇవ్వలేదు. నేను ఊరుకోలేదు. పైకార్యాలయానికి ఫిర్యాదు చేశాను. జవాబు రాకపోతే మళ్లీ చేశాను. నన్ను చూస్తే గుమాస్తాలు "వచ్చినాడప్పా" అని ఒకరినొకరు గిల్లుకునేవారు. ఇంకో సర్వేయరును మంటపానికి పంపారు. అతను పోయేసరికి గుంతలో కొత్త మట్టి నింపారు. బావి ఆనవాలు కనబడలేదని రాసి ఇచ్చాడు. ఆ పెద్దమనిషి ఈమధ్య కుర్రవాళ్లకు వృత్తి నీతి మీద ప్రసంగాలు చేస్తున్నాడని విన్నాను.

ఎరువుల వ్యాపారి వినియోగదారుల ఫోరానికి పోయి, నా ఫొటోలు పెట్టి, తన కారు డబ్బు తెచ్చుకున్నాడు. కంపెనీ ఆ డబ్బును సాహుకారు దగ్గర రాబట్టలేదు. అడగను కూడా అడగలేదు. ఆ డబ్బు ఎక్కడినుంచి వచ్చింది? పాలసీ కట్టిన మామూలు జనం దగ్గరినుంచి. బావి సాహుకారుది, ఖర్చు ఊరందరిది.

మూడు మాటల సాహుకారు

కారు బాగుపడింది. వన్నూరప్ప కాలు బాగుపడలేదు. మోకాలి కింద ఎముక అడ్డంగా అతుక్కుంది. బ్రేకూ యాక్సిలరేటరూ తొక్కే పని ఇక అతనికి లేదు. అతనికి తెలిసిన పని అది ఒక్కటే.

ఆస్పత్రిలో చేర్పించిన సాహుకారు రెండోసారి అటు పోలేదు. వన్నూరప్ప భార్య లక్ష్మక్క మంటపానికి పోయి అడిగితే ఆయన మాట మారింది. "మీ ఆయన నా పనోడు కాదమ్మా. బండ్లు పెట్టేది కాంట్రాక్టు. కాంట్రాక్టరును అడుగుపో." కాంట్రాక్టరు పేరేమిటని అడిగితే చెప్పలేదు. లేనివాడికి పేరెలా ఉంటుంది?

లక్ష్మక్క మా ఇంటికి వచ్చింది. వచ్చీ రాగానే గడపలో కూర్చుంది.

"సార్, మీరు బాయి ఫొటోలు తీసినారంట. మాకు బాయి ఒద్దు. మా ఆయన ఆ మంటపం మనిషని ఒగరు జెప్తే సాలు. ఎవురూ జెప్పకుండారు. మిగిల్న ముగ్గురూ సావుకారికి బయపడి నోరు కుట్టుకున్యారు."

ఆమె చెప్పింది సరైన మాట. పనిలో దెబ్బ తగిలినవాడికి పరిహారం ఇచ్చే చట్టం చాలా పాతది. తప్పు ఎవరిదన్నది కూడా అది పెద్దగా అడగదు. నువ్వు అతని పనివాడివా, ఆ పనిలోనే దెబ్బ తగిలిందా అన్నదే అడుగుతుంది. ఆ మొదటి ప్రశ్నకు జవాబు దొరికితే వన్నూరప్ప కుటుంబం నిలబడుతుంది. దొరకకపోతే కాలు పోయిన లారీ డ్రైవరు, ఎండిపోయిన పొలం. అనంతపురంలో కార్మిక శాఖ అధికారి దగ్గర దరఖాస్తు వేయించాను. నన్ను సాక్షిగా పిలిచారు.

విచారణ రోజు సాహుకారు మూడో మాటతో వచ్చాడు. ఈసారి వకీలు కూడా ఉన్నాడు. వకీలు చెప్పించినట్టు సాహుకారు చెప్పాడు.

"పనోడూ కాదు, కాంట్రాక్టూ కాదు సార్. పెండ్లికి వచ్చిన మనిషి. ఆడపెండ్లోళ్లకు తెలిసినోడు. రద్దీగా ఉంటే సాయంగా నాలుగు బండ్లు పెట్టినాడు. నేను ఒగ రూపాయి జీతమిచ్చిన వాణ్ణి కాదు. జీతం ఇయ్యనోడు యజమాని ఎట్లయితాడు సార్?"

పట్టు వ్యాపారి సాక్ష్యానికి రాలేదు. రెండో కూతురి పెండ్లికి కూడా అదే మంటపం మాట్లాడుకున్నాడట.

నేను తలపాగా సంగతి చెప్పాను. ఈల సంగతి చెప్పాను. లైసెన్సు సొరుగులో ఉన్న సంగతి చెప్పాను. ఆయనే "మావాడే" అన్న సంగతీ చెప్పాను. వకీలు లేచి, తలపాగా పెండ్లిలో ఎవరైనా చుట్టుకుంటారని, లైసెన్సు వానలో తడవకుండా దాచమని వన్నూరప్పే ఇచ్చాడని, "మావాడే" అన్నది జాలితో అన్న మాటని అన్నాడు. చుట్టాలు చేతిలో పెట్టిన డబ్బు జీతమెలా అవుతుందని అడిగాడు. అధికారి నడివయసు మనిషి, ఓపికగా వింటున్నాడు. నా వైపు చూసి, ఇంకేమైనా ఉందా అన్నట్టు కనుబొమలు ఎత్తాడు. నేను తల అడ్డంగా ఊపాను.

గోడ పక్కన నిలబడ్డ లక్ష్మక్క గొంతు సవరించుకుంది.

"సార్, ఒగ మాట. మా ఆయన పెండ్లికి పిలిచిన చుట్టమంటాండాడు గదా సావుకారి. మరి చుట్టాన్ని మొదటి బంతిలో ఎందుకు కూసోబెట్టలేదంట? అది ఒగటి అడగండి."

బంతి అంటే భోజనాల వరుస. అధికారి ఏమీ అడగకముందే సాహుకారు కుర్చీలోంచి సగం లేచాడు. ఆయన ముఖం చూస్తే ఎవరో ఆయన మంటపం గడపను కాలితో తన్నినట్టు ఉంది.

"మొదటి బంతిలోనా? మతి ఉండే మాట్లాడతాండావా? మొదటి బంతి మొగపెండ్లోళ్లకు. రెండోది ఆడపెండ్లోళ్లకు. నా పనోళ్లంతా వంటోళ్లతో, మేళమోళ్లతో కలిసి ఆఖరి బంతి. మంటపం కట్టినప్పట్నించీ అదే పద్ధతి సార్. పనోళ్లను చుట్టాల్లో కూసోబెడితే నా మంటపానికి మర్యాదస్తులు ఎవురొస్తారు?"

వకీలు ఆయన చొక్కా చెయ్యి పట్టి లాగాడు. సాహుకారుకు అర్థం కాలేదు. "నిజమే గదప్పా నేను జెప్పేది," అన్నాడు వకీలుతో.

"ఆ రోజు వన్నూరప్ప ఏ బంతిలో తిన్నాడు?" అని అడిగాడు అధికారి, చాలా మెల్లగా.

"పొద్దున ముహూర్తం భోజనాలా? ఆఖరి బంతే సార్. నేనే దగ్గరుండి కూసోబెట్టినా."

అధికారి గుమాస్తా వైపు తిరిగి, "యథాతథంగా రాసుకోండి," అన్నాడు.

కొత్తవాళ్లకు

ఉత్తర్వు వన్నూరప్పకు అనుకూలంగా వచ్చింది. అతను మంటపం పనివాడే, పరిహారం ఇవ్వవలసిందే అన్నారు. అయితే దాన్ని ఇన్సూరెన్సు కంపెనీ కట్టనక్కరలేదు, సాహుకారే కట్టాలి అన్నారు. ఎందుకంటే మంటపం పనివాళ్ల కోసం తీసుకున్న పాలసీలో కాపలావాడు, ఊడ్చేవాళ్లు, వంటవాళ్లు ఉన్నారు. బండ్లు పెట్టేవాళ్లు లేరు. వాళ్లకోసం ప్రీమియం కట్టలేదు.

ఇక్కడ కంపెనీ చెప్పింది చట్టప్రకారం సరే. కాని ఆ పాలసీ అమ్మిన ఏజెంటు ఎన్నిసార్లు ఆ గేటులోంచి పోయాడు? పోయిన ప్రతిసారీ ఎర్ర తలపాగావాడు ఈల ఊది అతని స్కూటరును లోపలికి పంపాడు. వీళ్లు పాలసీలో ఉన్నారా అని ఆ ఏజెంటుకు ఒక్కసారీ తోచలేదు. ప్రీమియం పెరిగితే సాహుకారు విసుక్కుంటాడని అడగలేదు. అమ్మేటప్పుడు కళ్లు మూసుకుని, ఇచ్చేటప్పుడు కళ్లజోడు పెట్టుకోవడం నేను చూసిన కంపెనీలన్నిటికీ ఉన్న జబ్బు.

మీరు హోటలుకో, మంటపానికో, ఆస్పత్రికో పోతే ముందు గేటు దగ్గర నిలబడి చూడండి. తాళం ఎవరు తీసుకుంటున్నారు, ఎవరు చెబితే తీసుకుంటున్నారు, ఎక్కడ పెడుతున్నారు. "మా బాధ్యత లేదు" అన్న బోర్డు చూసి బెదరకండి. ఆ బోర్డు రాయించినవాడికి బాధ్యత ఉందని తెలుసు కాబట్టే రాయించాడు. జీతం ఇవ్వడం లేదంటే నమ్మకండి. పనివాడి సంపాదన ఎవరి చేతిలోంచి వచ్చినా, పని ఎవరి కోసం జరుగుతుందో చూడండి. యజమానులారా, మీకూ ఒక మాట. ఆ నలుగురి పేర్లు పాలసీలో చేర్చడానికి అయ్యే ఖర్చు మీ గేటుకు కట్టే పూలదండల కంటే ఎక్కువ కాదు. పూలు వాడిపోయినా మళ్లీ కొంటారు గదా.

నన్ను చాలామంది అడిగారు, ఆ కేసులో నీకేం వచ్చిందని. ఏమీ రాలేదు. ఆ మేనేజరు పదవీ విరమణకు పెద్ద సభ చేశారు. నన్ను పిలవలేదు.

మెట్ల మీద

సాహుకారు అప్పీలుకు పోదామనుకున్నాడు. ముందు పరిహారం మొత్తం జమ కడితేనే అప్పీలు తీసుకుంటారని వకీలు చెప్పాడు. జమ కట్టాడు. తరువాత ఎవరో పెద్దమనుషులు, పనివాడి మీద హైకోర్టుకు పోయాడంటే మంటపానికి పేరు చెడుతుందని నచ్చజెప్పారట. ఆగిపోయాడు. మంచితనం చేత కాదు, మర్యాద చేత.

వన్నూరప్ప డబ్బు తీసుకునే రోజు నేనూ వెళ్లాను. అతను చేతికర్ర మీద మెల్లగా కార్యాలయం మెట్లు దిగుతున్నాడు. లక్ష్మక్క ఒక మెట్టు కింద, పడితే పట్టుకోవడానికన్నట్టు నడుస్తోంది. సాహుకారు ఏదో సంతకానికి వచ్చి ఎదురుపడ్డాడు. అందరూ చూస్తుండగా ఆగాడు.

"తిన్నింటి వాసాలు లెక్కబెట్టినావు గదరా వన్నూరప్పా," అన్నాడు. "ఎన్ని పెండ్లిండ్లలో పెట్టింటా నీకు తిండి. ఇంటికి గూడా గిన్నెల్లో పోసి పంపిస్తి. ఇదేనా నువ్వు చూపించే ఇశ్వాసం?"

నాకు ఒళ్లు మండి ఏదో అనబోయాను. వన్నూరప్ప చేతికర్రను మెట్టు మీద ఆనించి, కాలు సరిచేసుకొని నిలబడ్డాడు. కోపంగా లేడు. ఎదుటివాడికి దారి చెబుతున్నట్టు చెప్పాడు.

"అది తిండి కాదు సావుకారూ, కూలి. ఇన్నాళ్లూ నాకూ తెలీల్యా."